నాలుగు కాళ్లకూ బరువు కడదాం

సిద్దిపేట నేతన్నలారా! చేర్యాల నకాషీ చిత్రకారులారా! మహిళా సంఘాల అక్కలారా, చెల్లెళ్లారా! కుండలు చేసే చేతులారా, బుట్టలు అల్లే చేతులారా! సంతల్లో, జాతరల్లో, హస్తకళా మేళాల్లో అంగడి పెట్టుకొని బతికే మనందరి బాధ్యత గురించి ఈ మాట. మన నెత్తి మీది డేరా గురించి ఈ మాట.

ఇంటి నుంచి సరుకుతో బయలుదేరేటప్పుడు మనం అన్నీ చూసుకుంటాం. చీరలు లెక్కపెడతాం. బొమ్మలకు పాత గుడ్డలు చుట్టి డబ్బాల్లో సర్దుతాం. చిల్లర తెచ్చుకుంటాం. క్యూఆర్ కోడ్ అట్ట మరిచిపోము. చివరికి టెంటు దగ్గరికి వచ్చేసరికి మన శ్రద్ధ సడలుతుంది. మడత విప్పి నాలుగు కాళ్లు సాగదీసి నిలబెడితే పని అయిపోయిందనుకుంటాం. ఒక కాలికి రాయి, ఒక కాలికి సుతిలి, మిగతా రెండింటికీ దేవుడే దిక్కు. ఇది చాలదు. ఇక మీదట ఇలా జరగకూడదు.

ఆ డేరా కింద ఏముందో ఒక్కసారి తలుచుకోండి. గొల్లభామ చీర ఉంది. నెత్తిన కుండతో నడిచే ఆ గొల్లభామ అచ్చు వేస్తే వచ్చిన బొమ్మ కాదు. మగ్గం మీద పోగు పోగునా చేత్తో దూర్చి నేసిన బొమ్మ. భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది. దాని పక్కనే చేర్యాల పటం ఉంది. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి, బంక కలిపి పూత పూస్తారు. ఆరబెడతారు. మళ్లీ పూస్తారు. దాని మీద ఎర్రని నేపథ్యం, దాని మీద కథ. రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపి చేసిన మాస్కులు, బొమ్మలు ఇంకో బల్ల మీద ఉంటాయి. ఈ పూతకు నీళ్లు పడవు. ఒక్క జల్లు చాలు, పటం మీది దేవుడి ముఖం చెదిరిపోవడానికి. 2016 అక్టోబరులో జిల్లా ఏర్పడినప్పుడు సిద్దిపేట నేత, చేర్యాల నకాషీ ఒకే జిల్లా బిడ్డలయ్యాయి. ఇప్పుడు మేళాల్లో పక్కపక్కనే కూర్చుంటున్నాయి. ఒకరి డేరా కూలితే ఇంకొకరి కళ నాశనమయ్యేంత దగ్గరగా కూర్చుంటున్నాయి.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదలచిన మాట ఉంది. ఎగిరిన టెంటు తన యజమాని మీద పడదు. పక్కవారి మీద పడుతుంది. చీర బేరం చేస్తున్న ఆడబిడ్డ మీద పడుతుంది. బొమ్మ కోసం మారాం చేస్తున్న పసివాడి మీద పడుతుంది. కాబట్టి టెంటుకు బరువు కట్టడం మన సొమ్మును కాపాడుకునే జాగ్రత్త మాత్రమే కాదు. తోటివారికి మనం చెల్లించవలసిన బాకీ. "నా టెంటు, నా ఇష్టం" అనే హక్కు సంతలో ఎవరికీ లేదు.

గాలిని తక్కువ అంచనా వేయకండి. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం ఎండ మండుతుంది, సాయంత్రానికి మబ్బు కమ్ముతుంది, పది నిమిషాల్లో గాలిదుమారం లేస్తుంది. వడగండ్లు పడతాయి. అది మన రైతులకు తెలుసు, మామిడి తోటలకు తెలుసు. జాతీయ చేనేత దినోత్సవం ఆగస్టు 7న వస్తుంది. 1905లో అదే రోజున మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జరుపుకుంటున్నాం. ఆ రోజు మనకు గౌరవం, ఆ నెల మనకు నిండు వానాకాలం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర సాగుతుంది. మొదటి వారాల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, చివరి ఆదివారాల నాటికి వేసవి గాలులు మొదలవుతాయి. ఏ నెలా పూర్తిగా మనది కాదు.

లెక్క చెబుతాను, మనసులో పెట్టుకోండి. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న టెంటు గుడ్డ 9 చదరపు మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల గాలి ఆ గుడ్డకు నేరుగా తగిలితే పడే ఒత్తిడి సుమారు 55 కిలోల బరువుతో సమానం. గాలి రెట్టింపై 72 కిలోమీటర్లు అయిందనుకోండి. ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలు. 220 కిలోలు. మనం వాడే మామూలు ఫోల్డింగ్ టెంటు బరువు 20, 30 కిలోలే. గాలికీ టెంటుకూ మధ్య ఉన్న ఆ తేడాను నింపవలసింది మనమే.

పెద్ద పందిళ్లు కూలినప్పుడు ఏం జరిగిందో దేశం చూసింది. 2019 జూన్ 23న రాజస్థాన్ బాడ్‌మేర్ జిల్లా జసోల్‌లో రామకథ వింటున్న భక్తుల మీద గాలివానకు పందిరి కూలింది. పది మందికి పైగా చనిపోయారు. కూలిన ఇనుప చట్రాల్లో కరెంటు ప్రవహించింది. కథ వినడానికి వచ్చినవారు వారు. భక్తితో వచ్చినవారు వారు. మన మేళాకు వచ్చేవారు కూడా నమ్మకంతోనే వస్తారు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడం మన ధర్మం.

ఇక టెంటు కొనే సంగతి. దుకాణంలో అందరం మొదట రంగు చూస్తాం, తరువాత ధర అడుగుతాం. ఈ అలవాటు మార్చుకుందాం. మొదట జాయింట్లు చూడండి. మడతపెట్టే అడ్డపట్టీలు కాలికి కలిసేచోట ఉండే ముక్క ప్లాస్టిక్‌దైతే గాలికి ముందుగా విరిగేది అదే. చట్రం పైపు చేత్తో నొక్కితే లోపలికి పోయేంత పలుచగా ఉండకూడదు. ఇనుప చట్రం బరువు, కానీ నిలుస్తుంది. తుప్పు పట్టకుండా రంగు వేసుకోవాలి. అల్యూమినియం తేలిక, ఆర్టీసీ బస్సులో, ఆటోలో తీసుకెళ్లేవారికి సులువు. అయితే తేలికైన చట్రం కొన్నవారు ఎక్కువ బరువు కట్టుకోవడానికి సిద్ధపడాలి. ఈ ఒప్పందం దుకాణంలోనే మీతో మీరు చేసుకోండి. గుడ్డ నీళ్లు ఇంకనిదై ఉండాలి. కుట్ల దగ్గర కూడా నీళ్లు దిగనిదై ఉండాలి. మంట తొందరగా అంటుకోని గుడ్డ కావాలని గట్టిగా అడగండి. అది సిగ్గుపడి వదిలేయవలసిన ప్రశ్న కాదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో పాఠశాల వార్షికోత్సవం జరుగుతుండగా సింథటిక్ గుడ్డతో వేసిన పందిరికి మంటలు అంటుకున్నాయి. 400 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పసిపిల్లలు. మన హైదరాబాద్‌లోనే, 1938 నుంచి జరుగుతున్న నాంపల్లి నుమాయిష్‌లో 2019 జనవరి 30 రాత్రి మంటలు లేచి వందల దుకాణాలు కాలిపోయాయి. ప్రాణాలు దక్కాయి, బతుకుతెరువులు బూడిదయ్యాయి.

మంచి టెంటు ఖరీదైనదే. ఒక్కరికి భారం కావచ్చు. సంఘానికి భారం కాదు. పొదుపు సంఘం నుంచి రుణం తీసుకొని చీరలకు పెట్టుబడి పెడుతున్నాం, మగ్గాలకు పెడుతున్నాం. పది అంగళ్లకు కలిపి పది టెంట్లు ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, ఒకే కొలత టెంట్లు వస్తాయి, ఒకదాని విడిభాగం ఇంకొకదానికి సరిపోతుంది. చేనేత సహకార సంఘాలు ఈ పనికి ముందుకు రావాలి. నూలు ఎలా కలిసి కొంటున్నామో డేరా కూడా అలాగే కలిసి కొందాం.

అయితే కొనడం సగం పని కూడా కాదు. కట్టడమే అసలు పని.

బరువుకు డబ్బు ఖర్చు చేయనవసరం లేదు. ఇండ్లకు రంగులు వేయించిన ప్రతి వాడకట్టులో 20 లీటర్ల ఖాళీ రంగు బకెట్లు ఉంటాయి. అందులో పొడి ఇసుక నింపితే 30 కిలోలు దాటుతుంది. కాంక్రీటు పోసి మధ్యలో ఇనుప కొక్కెం నాటితే 45 కిలోలు దాటుతుంది. మంచినీళ్ల క్యాన్ నింపితే 20 కిలోలు. గాలి లేని రోజున కూడా కాలికి 20 కిలోలకు తక్కువ కట్టకండి. వేసవిలో, వానాకాలంలో 30కి తగ్గకండి. మూడు కాళ్లకు కట్టి నాలుగోది వదిలేస్తే కట్టనట్టే. గాలి వదులైన మూలనే వెతుక్కుంటుంది.

ఎక్కడ కట్టాలో శ్రద్ధగా వినండి. చాలామంది కాలి అడుగున ఇటుకలు పేర్చి ఊరుకుంటారు. గాలి పట్టేది పైకప్పును. కాబట్టి తాడు పై మూల నుంచి దిగాలి. టెంటు గుడ్డ కింద, అడ్డపట్టీలు కాలికి కలిసే చోట చట్రానికి తాడు రెండు చుట్లు చుట్టండి. ముడి వేయండి. ఆ తాడును కాలి వెంట నిలువుగా కిందికి తెచ్చి బకెట్ పిడికి కాదు, పిడి ప్లాస్టిక్‌దైతే ఊడుతుంది, బకెట్ నడుముకు చుట్టి కట్టిన బెల్టుకు బిగించండి. బకెట్ నేల మీదే ఉండాలి, తాడు బిగువుగా ఉండాలి. ఆపైన బకెట్‌ను కాలికి ఇంకో చుట్టు కట్టండి, ఊగకుండా, పిల్లల మోకాళ్లకు తగలకుండా. ఇప్పుడు టెంటు మూలను పట్టుకొని పైకి లేపి చూడండి. కాలు నేల విడవకూడదు. ముడి గాలికి ఊడకూడదు, చేతికి ఊడాలి. ఆపదలో కత్తి కోసం వెతుక్కునే ముడి వేయకండి. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. వాన పడి వెలిసిన ప్రతిసారీ చేత్తో తడిమి బిగించుకోవాలి.

నేల చూసి మేకు కొట్టండి. ఎర్ర చెల్కలో అడుగున్నర ఇనుప గుంజను టెంటుకు ఎడంగా, తల బయటికి వంచి సమ్మెటతో దిగగొడితే పట్టు ఉంటుంది. నల్లరేగడిలో ఎండాకాలం రాయిలా పట్టుకున్న గుంజ వానకు వెన్నలా జారి వస్తుంది. అక్కడ గుంజను మాత్రమే నమ్మకండి, బరువు కూడా కట్టండి. సీసీ రోడ్డు మీద, మున్సిపల్ మైదానంలో గచ్చు మీద గుంజ దిగదు. అక్కడ బరువే ఆధారం. చెరువు కట్ట మీద మేళా పెట్టినప్పుడు, మన సిద్దిపేట కోమటి చెరువు కట్ట లాంటి చోట, నీళ్ల మీదుగా వచ్చే గాలికి చెట్టూ గోడా అడ్డం ఉండదు. అటువంటి చోట బరువు పెంచండి. తాడు బయటికి సాగితే దానికి ఎర్ర గుడ్డ ముక్క కట్టండి, రాత్రిపూట నడిచేవారు తట్టుకొని పడకుండా.

పక్క పర్దాలు మూడు వైపులా దించితే ఎండ రాదు, నిజమే. గాలి వచ్చినప్పుడు అదే పర్దా గాలిని పట్టి డేరాను లేపుతుంది. గాలి లేచే సూచన కనిపించగానే పర్దాలు చుట్టి పైకి కట్టాలి. వాన పడుతున్నప్పుడు పైకప్పు మూలల్లో నీళ్లు గుంతలు కడుతున్నాయేమో చూడండి. చదరపు మీటరు మేర 10 సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలిస్తే 100 కిలోల బరువు. కర్రకు మెత్తటి గుడ్డ చుట్టి కింది నుంచి మెల్లగా ఎత్తి నీళ్లు దించాలి. గుడ్డ వదులుగా వేలాడే టెంటులోనే నీళ్లు నిలుస్తాయి, అందుకే పొద్దున్నే నాలుగు మూలలూ సాగదీసి కట్టుకోవాలి.

ఇంత పని ఒక్కరు చేయలేరు. ఒంటరిగా అంగడి పెట్టే మహిళ 30 కిలోల బకెట్లు నాలుగు ఎక్కడి నుంచి మోసుకొస్తుంది? డెబ్బై ఏళ్ల నేత తాత సమ్మెట ఎత్తగలడా? మన ఊళ్లో పెండ్లి పందిరిని పెండ్లివారు మాత్రమే వేసుకోరు. వాడకట్టు వస్తుంది. ఒకరు గుంత తవ్వుతారు, ఒకరు గుంజ పట్టుకుంటారు, ఒకరు మట్టి కూరి కాలితో తొక్కుతారు. ఎవరూ పిలుపు కోసం ఆగరు. మేళా మైదానంలో మనది కూడా ఒక వాడకట్టే. వరసలో మొదటి టెంటు వేసినవారు చేతులు దులుపుకొని కూర్చోవద్దు. చివరి టెంటు నిలిచేదాకా వరస అంతా కలిసి పనిచేయాలి. పక్క టెంట్ల కాళ్లను ఒకదానికొకటి కట్టుకోవచ్చు. కానీ ప్రతి టెంటుకూ దాని బరువు దానికి ఉండాలి. నా బరువు మీద నువ్వు, నీ బరువు మీద నేను ఆధారపడితే ఇద్దరం కలిసి లేస్తాం.

పక్కవారి తాడు వదులైనట్టు కనిపిస్తే చెప్పండి. "అక్కా, నీ టెంటు తాడు సాగింది, ఒకసారి చూసుకో" అనడం తప్పు కాదు. అనకపోవడం తప్పు. అట్లా ఎవరైనా చెబితే నొచ్చుకోకండి. "మంచిమాట చెప్పినవు తమ్మీ" అని లేచి బిగించుకోండి. ఈ మర్యాద మన మధ్య పాదుకోవాలి. పోటీ సరుకులో ఉండనీ, ధరలో ఉండనీ. భద్రతలో పోటీ లేదు, పొత్తే ఉంది.

మేళాలు నిర్వహించే పెద్దలారా, మీ బాధ్యత ఇంకా పెద్దది. స్టాలుకు అద్దె తీసుకుంటున్నారు. ఆ అద్దెలో భద్రత కూడా ఉంది. బరువులు మీరు సమకూర్చండి. ఒక ట్రాక్టరు ఇసుక, కొన్ని బకెట్లు, రెండు గడ్డపారలు, ఒక సమ్మెట. మైదానంలో ఇవి ముందే ఉంటే పేద కళాకారుడు వట్టి చేతులతో వచ్చినా అతని డేరా నిలుస్తుంది. హైటెన్షన్ తీగల కింద వరస వేయకండి. వైర్లు నేల మీద నీళ్లలో పడి ఉండనీయకండి. ఇనుప చట్రాలకు వైరు చుట్టనీయకండి. పొయ్యి వెలిగించే తినుబండారాల అంగళ్లను బట్టల అంగళ్లకు దూరంగా పెట్టండి. బరువు కోసం తెచ్చిన పొడి ఇసుకలో వరసకు రెండు బకెట్లు మూత లేకుండా విడిగా ఉంచండి. నిప్పు రవ్వ పడితే ఆ ఇసుకే మొదట పనికొస్తుంది. వరసకూ వరసకూ మధ్య ఫైరింజన్ వచ్చేంత దారి వదలండి. ఆ దారిలో ఇంకో నాలుగు స్టాళ్లు వేసి అద్దె రాబట్టుకుందామన్న ఆశ వద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా, మాట చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ప్రతి మేళాలో ఒకరిని ఆ పనికే నియమించండి. ఆ మనిషి పొద్దున్నే హైదరాబాద్ వాతావరణ కేంద్రం మన జిల్లాకు ఇచ్చిన హెచ్చరిక చూడాలి. పసుపా, నారింజా, ఎరుపా చూడాలి. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకొని పిడుగుల జాడ గమనించాలి. గంటకు 40 కిలోమీటర్లు దాటే ఈదురుగాలులు వస్తాయని హెచ్చరిక ఉంటే ఆ సాయంత్రం డేరాలు నిలబెట్టకూడదు. మేళా నడుస్తుండగా పడమట మబ్బు నల్లబడి దుమ్ము లేస్తే ఆ మనిషి మైకులో ఒకే మాట చెప్పాలి: "డేరాలు దించండి." ఆ మాట వచ్చాక వాదన లేదు. "ఈ ఒక్క బేరం అయ్యాక" అనే మాట లేదు. సరుకు డబ్బాల్లోకి, డబ్బాల మీద తార్పాలిన్, గుడ్డ కిందికి, చట్రం మడతకు. మనుషులు పక్కా కట్టడంలోకి. డేరా ఎండకు నీడ, చిన్న జల్లుకు చూరు. పిడుగుకు అది రక్ష కాదు. ఇనుప కాళ్లు పట్టుకొని పిడుగుల కింద నిలబడవద్దు. చెట్టు కిందికీ పోవద్దు. పోయిన బేరం వచ్చే ఆదివారం వస్తుంది.

కొనడానికి వచ్చే పట్టణ ప్రజలారా, మీకూ ఒక మనవి. దించమని మైకులో చెప్పినప్పుడు బేరం ఆపి ఒక చేయి వేయండి. ఒక మూల పట్టుకోండి. ఒక డబ్బా మోయండి. మీరు కొనే చీర వెనుక ఒక కుటుంబం ఉందని మీకు తెలుసు. ఆ నిమిషంలో ఆ కుటుంబానికి మీ డబ్బు కన్నా మీ చేయి ఎక్కువ అవసరం. కాలేజీ పిల్లలారా, ఎన్ఎస్ఎస్ వాలంటీర్లారా, మీ బలం ఇక్కడ పెట్టండి. పది మంది యువకులు ఉంటే యాభై డేరాలకు ఒక్క సాయంత్రంలో బరువు కట్టవచ్చు.

రాత్రి విషయం మరవద్దు. రెండు మూడు రోజుల మేళాలో టెంటు అట్లాగే వదిలి ఇంటికి పోతున్నాం. కావలి లేని డేరాను నిలువునా వదలకండి. కాళ్లు సగానికి దించండి, పర్దాలు విప్పండి, సరుకు లోపల ఉంచకండి.

కాబట్టి రాబోయే మేళాకు ముందు రోజు సాయంత్రం నాలుగు గంటలకే అందరం మైదానంలో కలుద్దాం. సంఘానికి ఇద్దరు చొప్పున రావాలి. ఇంట్లో ఉన్న ఖాళీ రంగు బకెట్లు తెండి, మూతలతో సహా తెండి. గడ్డపార ఉన్నవారు గడ్డపార, సమ్మెట ఉన్నవారు సమ్మెట, బండి ఉన్నవారు బండి తెండి. కొత్త తాడు మీటర్ల లెక్కన సంఘం డబ్బుతో కొందాం. వృద్ధుల అంగళ్లతో, ఒంటరి మహిళల అంగళ్లతో పని మొదలుపెడదాం. మన అంగళ్లకు చివర కట్టుకుందాం. తరువాత ఇద్దరు మనుషులు మొదటి వరస నుంచి చివరి వరస దాకా నడిచి ప్రతి మూలనూ చేత్తో పైకి లేపి చూడాలి. లేచిన కాలికి అక్కడికక్కడే ఇంకో బకెట్ కట్టాలి. ఇదంతా చీకటి పడకముందే పూర్తి కావాలి.